టై ముడి నేర్చుకుంటున్నాను: ఒక ఆషాఢం ప్రాజెక్టు డైరీ

ఆషాఢం, మొదటి వారం

ఈ ఆషాఢంలో చేయదలచుకున్న పని ఒక్కటే: టై కట్టడం సరిగ్గా నేర్చుకోవడం. నా మెడకు కట్టుకోవడం రావాలి, ఎదుటి మనిషికి కట్టడం రావాలి, చివరికి ఆ మనిషే సొంతంగా కట్టుకునేలా నేర్పడం కూడా రావాలి. ముడి ఎలా వేయాలో తెలిస్తే చాలదు. అది ఎందుకు నిలుస్తుందో, ఎందుకు జారుతుందో కూడా తెలియాలి. గుడ్డతో బతికేదాన్ని కనుక గుడ్డ చేసే ఏ పనైనా నాకు అర్థం కావాలనిపిస్తుంది.

మా కుట్టు దుకాణం హైదరాబాద్ విద్యానగర్‌లో, రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఉంది. ముఖ్యంగా జాకెట్లు, చుడీదార్లు కుడతాను. వానలు మొదలయ్యాక హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలు బ్లేజర్లు పట్టుకుని వస్తారు. చేతులు కొంచెం పొట్టి చేయాలి, నడుము దగ్గర లోపలికి పట్టాలి, ప్యాంటు అంచు మడిచి కుట్టాలి. అవన్నీ అయ్యాక జేబులోంచి టై తీసి, "అక్కా, ఇది కూడా కట్టి ఇవ్వండి. ముడి విప్పకుండా దాచుకుంటాను" అంటారు. అలా నెలల తరబడి విప్పకుండా ఉంచిన టైలు తర్వాత నా దగ్గరికే బాగుకు వస్తాయి. ముడి పడిన చోట గుడ్డ నలిగి, చెమట పట్టి, మెరుపు పోయి ఉంటుంది. ఇంతవరకు టై పని వచ్చినప్పుడల్లా వీధి చివర ఉండే బాబాయి గారి ఇంటికి పంపేదాన్ని. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజూ టై కట్టుకునే వెళ్ళారు.

మన ఊళ్ళో టై చూడని పిల్లలు అరుదు. ఎల్కేజీ నుంచి పదో తరగతి దాకా మెడలో టై ఉంటుంది. కానీ అది జిప్పుతోనో ఎలాస్టిక్‌తోనో వచ్చేది. ముడి ఫ్యాక్టరీలోనే తయారై ఉంటుంది. జిప్పు టై ముడి విప్పి చూస్తే లోపల ప్లాస్టిక్ దిమ్మ కనబడుతుంది, గుడ్డ దాని మీద చుట్టి కుట్టినదే. తెల్లవారి బస్సు వచ్చే వేళకు అయిదేళ్ళ పిల్లవాడి మెడకు ముడి వేస్తూ కూర్చోలేరు కనుక తల్లులకు అది సదుపాయమే, కాదనను. అయితే పదేళ్ళకు పైగా టై వేసుకున్న పిల్లలు ఇంటర్వ్యూ ముందు రోజు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడిపోవడం ఏటా చూస్తున్నాను. వాళ్ళ చేతికి ఆ పని ఎవరూ ఇవ్వలేదు. నాకు అదే బాధ.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కనుక మిషనుకు కాస్త తీరిక. శ్రావణం రాగానే జాకెట్ల వరద మొదలవుతుంది. ఈలోపు ఈ పని అయిపోవాలి.

సామాను: కాలేజీ పిల్లలు వాడే రకం పలుచని పాలియెస్టర్ టై ఒకటి, బాబాయి గారు ఇచ్చిన దళసరి పట్టు టై ఒకటి, అస్తరు చిరిగిపోయిన ఆయన పాత టై ఇంకొకటి, దుకాణంలో కొలతలకు వాడే బొమ్మ, ట్రయల్ అద్దం.

అదే వారం, శనివారం

అస్తరు చిరిగిన టైని విప్పాను. "దాచుకోవడం కంటే కోసి చూసుకోవడమే మేలు, అమ్మాయీ" అని బాబాయి గారే అన్నారు.

ఎవరి దగ్గరైనా పాత టై ఉంటే పారేయకుండా ఒకసారి విప్పి చూడమని చెబుతాను. పైగుడ్డ ఒకే ముక్క అనుకుంటాం. నిజానికి మూడు ముక్కలు: వెడల్పు కొస, మెడ భాగం, సన్నపు కొస. లోపల మెత్తని ఉన్ని లాంటి గుడ్డ టై పొడవునా ఉంది. టైకి ఒళ్ళు ఇచ్చేది అదే. ముడి లావు సగం దాని దళసరిని బట్టే ఉంటుంది. రెండు కొసల్లోనూ పలుచని అస్తరు ఉంది. వెనక సన్నపు కొసను దూర్చుకునే పట్టీ ఉంది. ఇక మధ్య అతుకంతా ఒకే ఒక్క దారంతో, దూరం దూరంగా, వదులుగా వేసిన చేతికుట్టు. రెండు చివర్లలో మాత్రం అడ్డంగా గట్టి కుట్టు ఉంది. వెడల్పు కొస లోపల ఆ దారం చివర ఒక చిన్న ఉచ్చులాగా వదిలేసి ఉంది.

ఆ ఉచ్చు చూసి మొదట కుట్టు తెగి దారం వేలాడుతోందేమో అనుకునేవారు చాలామంది. కొందరు కత్తిరించేస్తారు కూడా. దయచేసి కత్తిరించకండి. టై లాగినప్పుడు సాగుతుంది, గుడ్డ సాగినప్పుడు దారం కూడా సాగాలి, లేకపోతే తెగుతుంది. ఆ మిగులు దారమే ఉచ్చు. టైని రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగితే ఉచ్చు చిన్నదై లోపలికి వెళ్ళింది, వదిలితే మళ్ళీ బయటికి వచ్చింది. ఎంతో సేపు దాన్ని లాగుతూ వదులుతూ కూర్చున్నాను. ఇంత చిన్న దారానికి ఇంత ఆలోచన పెట్టినవారికి దండం పెట్టాలి.

పైగుడ్డ పడుగు పేకలు, అంటే నిలువు అడ్డం పోగులు, ఐమూలగా ఉన్నాయి. అంటే గుడ్డను 45 డిగ్రీల వాలులో కత్తిరించారు. మనం జాకెట్లలో క్రాస్ కట్ అంటాం కదా, అదే సూత్రం. నిలువుగా కోసిన గుడ్డను లాగితే పోగు సాగదు. ఐమూలగా కోసినప్పుడు పడుగుకీ పేకకీ మధ్య ఉన్న నలుచదరపు గళ్ళు పొడుగ్గా మారి చోటు ఇస్తాయి, వదిలితే తిరిగి చదరమవుతాయి. జాకెట్టు ఒంటికి పట్టి కూర్చునేదీ, టై ముడి బిగిసి నిలిచి విప్పగానే సర్దుకునేదీ ఆ గుణం వల్లే. న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే టై తయారీదారు 1920లలో ఇలా ఐమూలగా కోసి, మూడు ముక్కలుగా అతికే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. నేటి టైలు చాలావరకు ఆ దారిలోనే వస్తున్నాయి. ఐమూల కోతలో గుడ్డ ఎక్కువ ఖర్చవుతుందని కుట్టేవాళ్ళందరికీ తెలుసు. మూడు ముక్కలు చేస్తే ఆ ఖర్చు కొంత తగ్గుతుంది.

గోల్కొండ బోనాలు మొదలైన వారం

మొదటి ముడి ఫోర్ ఇన్ హ్యాండ్. బాబాయి గారు జీవితమంతా కట్టుకున్నది అదే. వరస ఇది. టై కుట్టువైపు ఒంటికి ఆనేలా మెడ చుట్టూ వేసుకుని, వెడల్పు కొస కుడిపక్క కిందికి, సన్నపు కొస ఎడమపక్క పైకి ఉంచాలి. వెడల్పు కొసను సన్నపు కొస మీదుగా ఎడమకు దాటించాలి. వెనకనుంచి కుడికి తేవాలి. మళ్ళీ ముందునుంచి ఎడమకు తిప్పాలి. ఇప్పుడు ముందు అడ్డంగా ఒక పట్టీ ఏర్పడుతుంది. కొసను మెడ దగ్గరి సందులోంచి, కిందనుంచి పైకి తీసి, ఆ పట్టీ కిందుగా దించాలి. సన్నపు కొస పట్టుకుని ముడిని పైకి జరపాలి.

రాస్తే ఇంతే. చేతికి రావడానికి అద్దం అడ్డం వచ్చింది. ఇది నాకు మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది కాదు. వచ్చిన పిల్లలందరూ అక్కడే తడబడతారు. అద్దంలో చూస్తూ "ఎడమకు తిప్పు" అనుకుంటే చెయ్యి ఆగిపోతుంది. ఎదురుగా నిలబడి నేర్పేవారు "ఎడమ" అంటే అది ఎవరి ఎడమ? అందుకని ఎడమ, కుడి అనే మాటలను పక్కన పెట్టేశాను. మా దుకాణంలో అద్దానికి ఎదురుగా నిలబడితే ఒక పక్క తలుపు, ఒక పక్క మిషను. "వెడల్పు కొస తలుపు వైపు ఉంచు. మిషను వైపు దాటించు. వెనకనుంచి తలుపు వైపు తీసుకురా." తలుపు అద్దంలోనూ ఆ పక్కే ఉంటుంది, నేర్పేవారికీ నేర్చుకునేవారికీ ఒకటే తలుపు. అంతే, తడబాటు పోయింది. ఇంట్లో నేర్చుకునేవారు కిటికీ, బీరువా అని పెట్టుకోవచ్చు.

తర్వాత అద్దానికి గుడ్డ కప్పేశాను. కళ్ళతో నేర్చుకుంటే ప్రతిసారీ అద్దం కావాలి. వేళ్ళతో నేర్చుకుంటే లిఫ్టులోనూ కట్టుకోవచ్చు. టై వెనక అతుకు గీత వేలికి తగులుతుంది. ఆ గీత లోపలివైపు ఉందా, పైకి తిరిగిందా అన్నది వేలే చెబుతుంది.

ఎదుటి మనిషికి కట్టడానికి బొమ్మ పనికొచ్చింది. ఎదురుగా నిలబడి కడితే చేతుల పని తారుమారవుతుంది కనుక నేను బొమ్మ వెనక నిలబడి, భుజాల మీదుగా చేతులు ముందుకు చాచి కట్టాను. అప్పుడు నా చేతులే ఆ మనిషి చేతులు. పొడుగు పిల్లలైతే స్టూలు మీద కూర్చోబెట్టి కట్టవచ్చు. తొందరలో ఉంటే నా మెడకే కట్టుకుని, వదులు చేసి, తల మీదుగా తీసి వాళ్ళ మెడలో వేసేస్తాను. దుకాణంలో అన్నిటికంటే ఎక్కువగా చెల్లేది ఈ చివరిదే.

ఈ ముడి కాస్త వాలుగా, ఒక భుజం పైకి లేచినట్టు కూర్చుంటుంది. దాన్ని లోపమనుకుని లాగి లాగి సమం చేయాలని చూస్తారు. ఆ వాలు ముడిలో పుట్టిందే. ఒక పక్క నుంచే చుట్టు వస్తుంది కనుక రెండు పక్కలా సమంగా ఉండదు. దళసరి పట్టు టై మీద ఆ వాలు ఎంత అందంగా ఉంటుందో బాబాయి గారి మెడలో చూశాను. నాకు ఇప్పుడు అన్ని ముళ్ళలోనూ అదే ఇష్టం.

సికింద్రాబాద్ మహంకాళి బోనాల తర్వాత

బాబాయి గారి మనవడు గణితంలో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. సెలవులకు వచ్చి, నేను బొమ్మకు కడుతుంటే చూసి, "పిన్నీ, దీని మీద పరిశోధన ఉంది తెలుసా?" అన్నాడు. నిజమే. 1999లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో థామస్ ఫింక్, యాంగ్ మావో అనే ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు టై ముళ్ళను లెక్కగట్టి నేచర్ పత్రికలో ప్రచురించారు. కాగితం మీద గీసి వివరించాడు.

మెడ ముందు మూడే చోట్లు: ఎడమ, కుడి, మధ్య. వెడల్పు కొస ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడుస్తుంది. ఉన్న చోటికే మళ్ళీ వెళ్ళకూడదు. ఒకసారి ఒంటివైపు వెళితే తర్వాతిసారి బయటివైపు రావాలి. చివర్లో ముందు అడ్డంగా ఒక పట్టీ పడి, కొస మధ్యలోకి వచ్చి, ఆ పట్టీ కిందుగా దిగాలి. ఈ నియమాలతో మూడు కదలికల ముడి ఒకటే, నాలుగు కదలికలదీ ఒకటే. అయిదుకు 3, ఆరుకు 5, ఏడుకు 11, ఎనిమిదికి 21, తొమ్మిదికి 43. అన్నీ కూడితే 85. తొమ్మిది దగ్గర ఎందుకు ఆగారంటే, టై పొడవు సుమారు 58 అంగుళాలే, అంతకు మించి చుడితే కిందికి గుడ్డ మిగలదు. తర్వాత ఇంకో గణిత బృందం ముందు పట్టీ, కొస దిగడం లాంటి నియమాలను సడలించి లెక్కిస్తే 2,66,682 ముళ్ళు తేలాయట.

నాలుగు కదలికలతో సాధ్యమయ్యే ఏకైక ముడి బాబాయి గారి ఫోర్ ఇన్ హ్యాండే. ఆ మాట చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది.

ఈ లెక్కలో నాకు పనికొచ్చే ముక్క ఇంకొకటి దొరికింది. కదలికల సంఖ్య సరి సంఖ్య అయితే టై కుట్టువైపు ఒంటికి ఆనించి మొదలుపెట్టాలి. బేసి సంఖ్య అయితే కుట్టువైపు బయటికి కనబడేలా మెడలో వేసుకోవాలి. ప్రతి కదలికకూ గుడ్డ ముఖం తిరుగుతుంది, చివరికి మంచి వైపు పైకి రావాలి కదా. ఒకసారి ఇది తెలిశాక వరస బట్టీ పట్టే పని తగ్గింది. ప్రాట్ ముడికి అయిదు కదలికలు, కనుక కుట్టు బయటికి. హాఫ్ విండ్సర్‌కు ఆరు, విండ్సర్‌కు ఎనిమిది, కనుక కుట్టు లోపలికి.

ప్రాట్ ముడి 1989లో లోకానికి బాగా తెలిసింది. జెర్రీ ప్రాట్ అనే పెద్దాయన దాన్ని డాన్ షెల్బీ అనే అమెరికన్ టీవీ వార్తల యాంకర్‌కు నేర్పారు, తెర మీద చూసినవారు అది ఏ ముడి అని అడగడం మొదలుపెట్టారు. వెడల్పు కొసను సన్నపు కొస కిందుగా దాటించి, మెడ సందులోకి పైనుంచి దించి బిగించి, ముందునుంచి అడ్డంగా తిప్పి, కిందనుంచి పైకి తీసి పట్టీలోంచి దించాలి. ముడి చిన్నదిగా, సమంగా, శుభ్రంగా వస్తుంది. గుడ్డ తక్కువ తింటుంది కనుక పొడుగాటి పిల్లలకు మంచిది.

అదే వారం, కొనసాగింపు

పిల్లలకు నేర్పడానికి ఒక టై కుట్టాను. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతోషాన్నిచ్చిన పని ఇది. సుల్తాన్ బజార్‌లో పాప్లిన్ మూడు రంగుల్లో తెచ్చాను. వెడల్పు కొస ఎరుపు, సన్నపు కొస నీలం, వెనకవైపు మొత్తం పసుపు. లోపల ఫ్లానెల్ పెట్టాను. బక్రం అనే బిరుసు గుడ్డ వద్దు, కాలరుకు బాగుంటుంది కానీ టైలో పెడితే ముడి విరిగినట్టు మడత పడుతుంది.

ఇప్పుడు చెప్పడం ఎంత సులువో. "ఎరుపు నీలం మీదుగా వెళ్ళింది. వెనకకు తిప్పు. పసుపు కనబడుతోందా? సరే." ఎక్కడ తేడా వచ్చిందో రంగే చెబుతుంది. కట్టడం పూర్తయ్యాక ముందువైపు పసుపు ఎక్కడైనా తొంగి చూస్తే ఒక కదలిక తప్పిందని అర్థం. పక్కింటి ఏడో తరగతి పాప కూడా వచ్చి సరదాగా కట్టేసింది.

ఐమూల కోత ఎంత అవసరమో కళ్ళతో చూడాలని అదే పాప్లిన్‌తో నిలువు కోతలో ఇంకొకటి కుట్టాను. రెంటినీ ఒకే ముడి వేసి బొమ్మ మెడలో పక్కపక్కన ఉంచాను. నిలువు కోతది ముడి దగ్గర గట్టిగా మడత పడింది, ముడి బిగించిన కొద్దీ కొస ఒక పక్కకు మెలి తిరిగింది. విప్పాక మడతలు అలాగే ఉన్నాయి, ఇస్త్రీ అడుగుతున్నాయి. ఐమూల కోతది ముడిలో నిండుగా కూర్చుంది, కొస నిటారుగా వేలాడింది, విప్పి తగిలిస్తే చాలావరకు సర్దుకుంది. ఫుట్‌పాత్ మీద చవగ్గా కొన్న టై ఎందుకు మెలి తిరుగుతుందో అడిగేవారికి ఇకమీదట ఈ రెండూ చూపిస్తాను. కొనేముందు టైని మధ్యలో వేలి మీద వేలాడదీసి చూడండి. కొస తిరిగితే వదిలేయండి.

లాల్ దర్వాజ బోనాల వారం

బ్లేజర్ల పిల్లలు రావడం మొదలైంది. ముగ్గురు నలుగురు ఒకేసారి వస్తున్నారు కనుక ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటున్నారు.

అందరూ పేరు పెట్టి అడిగేది విండ్సర్. పెద్ద త్రికోణం కావాలి, అదే గొప్ప అని వాళ్ళ నమ్మకం. ఆ పేరు విండ్సర్ డ్యూక్, అంటే ఒకప్పటి బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్, మీదుగా వచ్చింది. ఆయన మాత్రం ఆ ముడి వేసుకోలేదు. దళసరి లోగుడ్డతో టైలు కుట్టించుకున్నానని తానే రాసుకున్నాడు, మామూలు ఫోర్ ఇన్ హ్యాండ్‌తోనే లావుగా కనబడేలా కట్టుకునేవాడు. ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెబుతున్నాను. ముడి లావును గుడ్డతో తెచ్చుకున్న మనిషి కనుక ఆయన నాకు నచ్చాడు.

నా అభిప్రాయం ఇప్పుడు గట్టిపడింది: ముడిని ఎంచుకోవలసింది చేతిలోని టైని, మెడ దగ్గరి కాలరును చూసి. కాలేజీ వాళ్ళు ఇచ్చే టై పలుచని పాలియెస్టర్. దానికి ఫోర్ ఇన్ హ్యాండ్ వేస్తే ముడి గోలీకాయంత వస్తుంది, కాలరు కొసల మధ్య చోటు ఖాళీగా మిగులుతుంది. అందుకని వాళ్ళకు హాఫ్ విండ్సర్ నేర్పుతున్నాను. దళసరి పట్టు టైకి అదే వేస్తే ముడి గడ్డానికి తగిలి కాలరు కొసల్ని పైకి తంతుంది, దానికి ఫోర్ ఇన్ హ్యాండే తగినది. కాలరు కొసలు దూరంగా విచ్చుకుని ఉంటే ముడి కొంచెం పెద్దది, దగ్గరగా కిందికి దిగి ఉంటే చిన్నది. పూర్తి విండ్సర్ మన పిల్లల టైలకు గానీ, మన ఊరి చెమటకు గానీ అక్కరలేదని నా మాట.

పొడవు దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న: ఎంత దించి మొదలుపెట్టాలి? కట్టాక వెడల్పు కొస మొన బెల్టు బకిల్‌కు తగలాలి. అంగుళాల లెక్క చెబితే ఎవరికీ గుర్తుండదు. నేను షర్టు గుండీలతో చెబుతున్నాను. మొదలుపెట్టేటప్పుడు సన్నపు కొస మొన ఏ గుండీ దగ్గర ఉంటే చివరికి పొడవు సరిపోయిందో చూసుకుని, ఆ గుండీ గుర్తుపెట్టుకోవాలి. మనిషి పొడవు, మెడ లావు, ముడి రకం మారితే గుండీ మారుతుంది. ఒక్కొక్కరి గుండీ లెక్క వాళ్ళ కొలతల పుస్తకంలోనే రాసి ఇస్తున్నాను. పొట్టి పిల్లవాడికి టై బెల్టు దాటి వేలాడితే కత్తిరించమని తెచ్చాడు. కత్తిరించలేదు. గుడ్డ ఎక్కువ తినే హాఫ్ విండ్సర్ వేసి, ఒక గుండీ కిందికి జరిపి మొదలుపెట్టించాను, సరిపోయింది.

కాలరు సంగతి టై కంటే ముందు చూడాలి. రెడీమేడ్ షర్టుల్లో మెడ పెద్దదైతే ముడి బిగించినకొద్దీ కాలరు ముందు ముడతలు పడుతుంది, పిల్లలు ఆ తప్పును టై మీద వేస్తారు. పై గుండీ పెట్టాక మెడకూ కాలరుకూ మధ్య ఒక వేలు హాయిగా దూరాలి. అంతకంటే వదులుంటే గుండీని జరిపి కుడుతున్నాను. అంతకంటే బిగువుంటే టై కట్టనివ్వను. బిగువుగా టై కట్టుకుంటే కంటి లోపలి పీడనం పెరుగుతుందని 2003లో బ్రిటన్ నేత్రవైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. రోజుకు పది గంటలు డ్యూటీలో నిలబడబోయే పిల్లలు వీళ్ళు.

ఇక సొట్ట. ముడి కిందనే టై మధ్యలో పడే ఆ చిన్న లోతు. అది లేకపోతే టై చదునుగా, అట్టముక్కలా వేలాడుతుంది. ముడిని పూర్తిగా బిగించకముందే, దాని కింద చూపుడు వేలు మధ్యలో నొక్కి, బొటనవేలు, నడిమివేలుతో రెండు అంచుల్నీ దగ్గరికి పట్టుకోవాలి. ఆ పట్టు వదలకుండా రెండో చేత్తో ముడిని బిగించాలి. వేలు తీశాక లోతు నిలిచి ఉంటుంది. పాలియెస్టర్ జారిపోతుంది, కాస్త గట్టిగానే పట్టుకోవాలి. పట్టు టై మాత్రం ఒకసారి చెబితే వింటుంది. సొట్ట సరిగ్గా కుదిరిన క్షణంలో పిల్లల భుజాలు వాటంతట అవే వెనక్కి వెళతాయి. అద్దంలో తమను తాము చూసుకునే ఆ చూపు కోసమైనా ఈ పని నేర్పాలి.

చెఫ్ కోర్సు పిల్లలు మెడకు కట్టుకునే తెల్ల స్కార్ఫ్‌కూ టై పద్ధతే. మడిచి పట్టీలా చేసుకుని అదే వరసలో కట్టి, మిగిలిన కొసలు లోపలికి దూర్చేస్తే చాలు. వాళ్ళకు విడిగా నేర్పే పని పడలేదు.

శ్రావణానికి ముందు

విప్పడం గురించి రాయాలి, ఎవరూ చెప్పరు కనుక. సన్నపు కొసను పట్టుకుని ఒక్క లాగు లాగి ముడిలోంచి పీకేస్తారు. లోగుడ్డ మెలి తిరుగుతుంది, మధ్య దారం తెగుతుంది. కట్టిన వరసకు వ్యతిరేకంగా, ఒక్కొక్క చుట్టూ వెనక్కి తిప్పి విప్పాలి. విప్పాక హ్యాంగర్‌కు వేలాడదీయండి, రాత్రికి రాత్రే చాలా ముడతలు పోతాయి. ఇస్త్రీ పెట్టె నేరుగా పెట్టవద్దు. టై అంచులు గుండ్రంగా ఉండాలి, ఇస్త్రీ చేస్తే అవి పదునైన మడతలై టై పలుచబడిపోయినట్టు అవుతుంది. ఆవిరి పట్టి చేత్తో సవరిస్తే చాలు. పట్టు టై మీద వాన చినుకు పడినా మరక నిలుస్తుంది. ఈ నెలల్లో బస్సు దిగి పరిగెత్తేవాళ్ళు టైని మడవకుండా చుట్టి సంచిలో పెట్టుకుని, లోపలికి వెళ్ళాక కట్టుకోవడం మంచిది.

ఈ వారం వచ్చిన అమ్మాయి ఎడమచేతి వాటం. ఫ్రంట్ ఆఫీస్ విద్యార్థిని, ఆడపిల్లల యూనిఫామ్‌లోనూ టై ఉంది. కుడిచేతి వరసలో కట్టించబోతే చేతులు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. తలుపు, మిషను మాటల్ని తారుమారు చేసి చెప్పాను. వెడల్పు కొస మిషను వైపు ఉంచుకుని మొదలుపెట్టింది. హాఫ్ విండ్సర్ చక్కగా కుదిరింది. ఫోర్ ఇన్ హ్యాండ్ కూడా కట్టించి చూశాను, వాలు అవతలి పక్కకు వచ్చింది, అంతే తేడా. "అక్కా, మా క్లాసులో ఇంకో ఇద్దరు ఎడమచేతి వాళ్ళున్నారు, తీసుకురానా?" అంది. ఆదివారం రమ్మన్నాను.

ఎరుపు నీలం టైకి ఇంకో రెండు జతలు కత్తిరించి పెట్టాను. ఒకటి అద్దం పక్క మేకుకు, ఒకటి బాబాయి గారింటికి. ఆయన తన వరండాలో సాయంత్రాలు నేర్పుతానన్నారు. జాకెట్లు అప్పుడే పదిహేను వచ్చాయి. బో టై కాగితం నమూనా గీసి ఉంది, దాని కోత వేరు, రెండు కొసలూ ఒకే ఆకారంలో ఉండాలి. దసరా అయ్యాక మొదలుపెడతాను.